వెనక ఎడమ స్పీకరు

వెనక ఎడమ స్పీకరు పోయిన రోజు మా బామ్మర్ది ధనంజయ మా నడింట్లో నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుని, కళ్లు సగం మూసి ఇలా ప్రకటించాడు:

"బావా, పావగడ తాలూకా అదృష్టం చేసుకున్నాది. నేరం జరిగినాది, అది వేరే సంగతి. కానీ నేను ఊర్లో ఉండంగా జరిగినాది. ఈ దొంగ ఎవడో గానీ, వాని జాతకంలో శని ఇప్పుడే కాలు పెట్టినాడు."

"నువ్వు ముందు నీ కాలు ఆ పెట్టెలోంచి తియ్యి," అన్నాను.

తీశాడు. కాలి కింద థర్మోకోల్ పలక రెండు ముక్కలయి ఉంది. ఒక ముక్కను చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

"బలవంతంగా విరగ్గొట్టినారు. సాక్ష్యం."

"ఇప్పుడే కదా నువ్వు విరగ్గొట్టింది?"

"సాక్ష్యం సాక్ష్యమే బావా. ఎవరు విరగ్గొట్టినారనేది తరవాత తేలుస్తా."

వాకిట్లో గిరీశ్ ఆటో హారన్ మోగిస్తున్నాడు. ఆ పెట్టెను పావగడకు చేర్చడానికి నేనే రమ్మన్నాను. పెట్టెలో ఉన్నది హోమ్ థియేటర్. టీవీకి అటూ ఇటూ పెట్టే స్పీకర్లు, మధ్యలో పెట్టేది ఒకటి, కూర్చున్న మనిషి వెనక కుడి ఎడమల పెట్టే చిన్నవి, ఇవి కాక గుండెల్లో దడ పుట్టించే ఊఫర్. నా భార్య మంజుశ్రీ కొన్నది. ధనంజయకు అక్క ఆమె. కొన్న రోజు పెట్టె విప్పి వాళ్లమ్మకు ఒక్కొక్కటీ చూపించి, మళ్లీ సర్ది పెట్టింది. ఆదివారం బిగిద్దామనుకున్నాం. ఆ వారంలోనే ఆమెకు ఒళ్లు బాగాలేకపోయింది. ఆమె పోయి ఏడాది కావస్తోంది.

అప్పటి నుంచి ఆ పెట్టె నడింట్లోనే ఉంది. నేను బడికి పోయేటప్పుడు దాన్ని చుట్టుకొని పోతాను, వచ్చేటప్పుడు చుట్టుకొని వస్తాను. ఇక దాన్ని పంపించేయాలని నిశ్చయించుకున్నాను. అమ్మిన గోవిందరాజు కూడా ఒప్పుకున్నాడు. ఆదివారంలోపు తెచ్చిస్తే దానికి బదులు సౌండ్‌బార్ ఇస్తానన్నాడు. ఒకటే షరతు: సెట్టులో ఒక్కటీ తగ్గకూడదు. ఆదివారం దాటితే కంపెనీ ఆ మోడల్ వెనక్కి తీసుకోదట.

సౌండ్‌బారా, స్పీకర్లా అన్న వాదన మా ఇంట్లో కొత్తది కాదు. సౌండ్‌బార్ అంటే మూరెడు వెడల్పు తలుపుకు వేసే గడియకర్రలా ఉంటుంది. టీవీ కింద పెడితే పని అయిపోతుంది. వైర్లు లేవు, మేకులు లేవు, వెనక ఏమీ ఉండదు. మొదటి నుంచీ నేను దాని పక్షం. మంజుశ్రీ స్పీకర్ల పక్షం.

"నువ్వు మేష్ట్రువి," అనేది. "నీకు గలాటె అంతా ముందర నుంచే రావల్ల. వెనక గోడ, గోడకు బోర్డు, అంతే. మేము గొర్రెల మంద ముందర నడిచినోళ్లం. మాకు వెనక వినపడకపోతే అడుగు పడదు."

వాదనలో ఆమే గెలిచింది. పెట్టె వచ్చింది. ఇప్పుడు అందులో ఒకటి తక్కువైంది.

ధనంజయ డిటెక్టివ్ ఎందుకయ్యాడో చెప్పాలి. మా క్యాతగానచెర్లులో చాలామందిలాగే అతనూ పొలాన్ని సోలార్ పార్కుకు కౌలుకిచ్చాడు. మేత బీళ్లు కూడా ప్యానెళ్ల కిందికి పోవడంతో మందను అమ్మేశాడు. దున్నడానికి పొలం లేదు, తోలడానికి మంద లేదు. తెల్లవారి లేస్తే దినమంతా చేతిలోనే ఉంటుంది. కొందరు పేకాట నేర్చుకున్నారు. ధనంజయ నేరపరిశోధన నేర్చుకున్నాడు. స్కూటీ ముందు కన్నడంలో 'పత్తేదారి' అని రాయించుకున్నాడు. డిటెక్టివ్ అన్నమాట.

అతని మొదటి కేసు చాలా పెద్దది. ప్యానెళ్లలో పగలంతా తయారయ్యే కరెంటును పొద్దుగూకగానే ఎవరో మాయం చేస్తున్నారని కనిపెట్టాడు. పార్కు కంచె బయట రోజూ కాపు కాశాడు. చివరికి వాచ్‌మన్ జాలిపడి, సూర్యుడు అస్తమిస్తాడన్న సంగతి చెప్పాడు. "ముఖ్యమైన ముద్దాయి పడమటి దిక్కుకు పరారీ" అని ప్రకటించి ధనంజయ ఆ కేసు మూసేశాడు.

ఇప్పుడు అతను మా నడింట్లో బోర్లా పడుకుని భూతద్దంతో నేలను చూస్తున్నాడు. భూతద్దం మా బడి సైన్సు గదిది. నెల కిందట చెప్పకుండా తీసుకున్నాడు. ఆ కేసు ఇంకా మొదలు కాలేదు.

"బావా! పెట్టె మూత మీద పసుపు వేలిముద్ర."

"కనబడుతోంది."

"పెట్టె లోపల శెనక్కట్టె పుల్ల." ఎండిన వేరుశనగ తీగను మా దగ్గర అలా అంటారు. గొర్రెలకు మేత.

"కనబడుతోంది."

"గడప పక్కన గొర్రె పెంటిక." దాన్ని వేళ్ల మధ్య నలిపి వాసన చూశాడు. "తాజాది. నేరస్థుడు పొద్దున్నే వచ్చినాడు."

నేను గోడ అవతలికి చూశాను. అవతలిది ధనంజయ ఇల్లే. అతనూ వాళ్లమ్మ కరియమ్మా ఉంటారు. ఊళ్లో ఇంకా పసుపు కొమ్ములు రోట్లో దంచుకునే మనిషి మా అత్త ఒక్కతే. ఆ వాకిట్లో శెనక్కట్టె వామి ఉంది. వామి పక్కన గుంజకు ఒక ముసలి గొర్రె కట్టేసి ఉంది. మంద అంతా అమ్మినప్పుడు అదొక్కటే మిగిలింది. ముసలిదని ఎవరూ కొనలేదేమో అనుకునేవాణ్ణి. మాది అరసికెరె, వేరుశనగ పండించే ఇల్లు. మందల సంగతి నాకు తెలియదు.

"ఈ మూడూ కలిపితే ఏం తేలుతోంది?" అని అడిగాను, అతనికి దారి చూపిద్దామని.

ధనంజయ లేచి నిలబడ్డాడు. మోకాళ్లు దులుపుకున్నాడు.

"పసుపు, గొర్రె, గడ్డి. క్షుద్రపూజ ముఠా బావా! రాష్ట్రం గడి దాటి వచ్చినారు. నిధి కోసం బలి ఇస్తా ఉండారు."

"స్పీకరునా?"

"ఈ కాలంలో మంత్రాలు బ్లూటూత్‌లో చదువుతారు. నీకు తెల్దు."

అప్పుడే కరియమ్మ అత్త వచ్చి గడపలో నిలబడింది. విప్పిన పెట్టెను చూసింది.

"ఏం పోయినాదప్పా తిప్పేశా?" అని నన్ను పేరు పెట్టి అడిగింది.

"ఒక స్పీకరు కనబడటం లేదు అత్తా."

"ఒకటే కదా," అంది. "మిగిలినవి ఉండాయి కదా." అని కొంగుకు చేతులు తుడుచుకుంటూ వెళ్లిపోయింది. కొంగు మీద పసుపు మరక పడింది.

"పాపం మాయమ్మకు లోకం తెల్దు," అన్నాడు ధనంజయ.

నాకు అనుమానం రాలేదని చెప్పను. కానీ అల్లుడు అత్తను 'నువ్వు తీశావా' అని అడిగే వాడుక మా దగ్గర లేదు. ఇంకొకటి కూడా ఉంది. ఈ ఏడాదిలో ఆమె, నేను మంజుశ్రీ పేరు రాకుండా మాట్లాడుకోవడం నేర్చుకున్నాం. ఆ పెట్టె గురించి అడిగితే పేరు వస్తుంది. ఆమె ఎందుకు తీసిందో తెలియదు. ఎలా అడగాలో తెలియదు. గిరీశ్‌ను వెళ్లిపొమ్మన్నాను. హారన్ ఆగింది.

*

మరునాటికి ధనంజయ సిద్ధాంతం ఒకటి తయారు చేశాడు.

"బావా, దొంగ వెనక ఎడమదే యాల ఎత్తినాడు? ఊఫర్ పెద్దది, దాన్ని ముట్టలేదు. ముందరివి మెరుస్తాయి, వాటినీ ముట్టలేదు. వానికి వెనక ఎడమ వైపు శబ్దం ఒకటే కావల్ల. అంటే?"

"అంటే?"

"వానికి కుడి చెవి వినపడదు! కుడి చెవి చెవుడు ఉండేవాణ్ణి పట్టుకుంటే స్పీకరు దొరికినట్లే. నేరపరిశోధన అంటే ఇది. మెదడు బావా, మెదడు."

పరీక్ష పద్ధతి కూడా అతనే కనిపెట్టాడు. ఎవరికీ తెలియకుండా వెనక నుంచి వెళ్లి, కుడి చెవిలో గుసగుసగా ఏదైనా చెప్పాలి. ఉలిక్కిపడితే నిర్దోషి. పడకపోతే ముద్దాయి.

మొదటి అనుమానితుడు బోరయ్య. టీ అంగడి ముందు గ్లాసు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆయన మీద అనుమానం ఎందుకని అడిగితే, "ఎవరి మీదా అనుమానం రానట్లు నిలబడి ఉండాడు, అందుకే," అన్నాడు. పిల్లిలా వెనక చేరి, బోరయ్య కుడి చెవి దగ్గర నోరు పెట్టి మెల్లగా అన్నాడు:

"మీ వామికి నిప్పంటుకున్నాది."

గ్లాసు గాల్లో ఉండగానే బోరయ్య పరుగు అందుకున్నాడు. ఒక చెప్పు అంగడి ముందు, ఇంకొకటి మలుపు దగ్గర పడిపోయింది. ఆయన పరుగు చూసి టీ అంగడివాడు కాగుతున్న పాలను వదిలేసి బిందె ఎత్తుకున్నాడు. వాడి వెనక కొళాయి దగ్గరున్న ఆడవాళ్లు. బడి పక్క నుంచి ఆ ఊరేగింపు పోతుంటే మా పిల్లలు బెంచీల మీదెక్కి చూశారు. నేను పాఠం ఆపలేదు. భిన్నాలు చెబుతున్నాను.

కొంతసేపటికి అందరూ తిరిగొచ్చారు. బోరయ్య ముందు నడుస్తున్నాడు. ధనంజయ చేతులు చాచి ఎదురు వెళ్లాడు.

"బోరన్నా, నీ చెవి బంగారం! నువ్వు నిర్దోషివి. ఈ మాట ఊరందరి ముందర చెప్తా ఉండా."

బోరయ్య నేరుగా దగ్గరికి వచ్చాడు. ధనంజయ కుడి చెంప మీద, చెవి కూడా కలిసొచ్చేలా, ఒక్కటి ఇచ్చాడు.

సాయంకాలం మా ఇంటికి వచ్చినప్పుడు ధనంజయ తల ఒక పక్కకు వంచి కూర్చున్నాడు.

"ఈ పక్క రా బావా. ఆ పక్క ఏమీ వినపడలా. చీమలు పాడినట్లు ఉండాది."

"కుడి చెవా?"

"కుడి చెవే."

అతని సిద్ధాంతం ప్రకారం ఇప్పుడు ఊళ్లో మిగిలిన అనుమానితుడు అతనొక్కడే. ఆ మాట చెప్పాను. చాలాసేపు ఆలోచించాడు.

"నేను ఆ దినం యాడ ఉన్న్యా?" అని నన్నే అడిగాడు.

*

శనివారం బడి ఒంటిపూటే. ఇద్దరం స్కూటీ మీద పావగడ వెళ్లాం. దారి పొడవునా ప్యానెళ్లు ఎండకు నీళ్లలా మెరుస్తున్నాయి. ధనంజయ నల్లకళ్లద్దాలు, మాస్కు, తలకు తువ్వాలు కట్టుకున్నాడు. గుర్తుపట్టకుండా అంగట్లోకి దూరి నిజం రాబట్టాలని అతని పథకం.

గోవిందరాజు గల్లాపెట్టె దగ్గర నుంచి తలెత్తి, "రండి మేష్ట్రే," అన్నాడు. తర్వాత మా వెనక చూసి, "ఏం ధనంజయా, కండ్లకలకనా?" అన్నాడు.

"నేను ధనంజయను కాదు. మడకశిర నుంచి వచ్చిన గిరాకీ."

"అట్లనా. మడకశిరలో కూడా స్కూటీల మీద పత్తేదారి అని రాస్తారా?"

ధనంజయ కళ్లద్దాలు తీసేశాడు. అద్దాలు తీశాక అంగడి బాగా కనబడిందట, ఆ సంగతి కూడా పరిశోధనలో భాగంగా నాతో చెప్పాడు.

ఒక స్పీకరు కనబడటం లేదని నేను ఉన్నది ఉన్నట్టు చెప్పాను. గోవిందరాజు చింతగా తలూపాడు.

"వెదకండి మేష్ట్రే. రేపు మీ ఊర్లో ఒకరింటికి టీవీ బిగించేది ఉండాది, నేనే వస్తా. సౌండ్‌బార్ కూడా తెస్తా. దొరికిందా, మార్చుకుందాం. దొరకలేదంటే నేనేం చేయలేను. ఒకటి లేని సెట్టును కంపెనీవాళ్లు ముట్టరు. అంతలోపల ఇది ఒకసారి విని చూడండి."

అంగడి లోపలి గదిలో సౌండ్‌బార్ పెట్టాడు. ఎదురుగా ఒకటే కుర్చీ. ధనంజయ అందులో కూర్చున్నాడు. పరీక్ష కోసం కంపెనీవాళ్లు ఇచ్చిన శబ్దం మొదలైంది. ముందు అడవిలో వాన. తర్వాత ఎక్కడో గుర్రపు డెక్కలు. అవి దగ్గరికి వచ్చి, మా పక్క నుంచి పోయి, వెనక ఆగినట్టు అనిపించింది.

ధనంజయ లేచాడు. "కదలొద్దు!" అని కేకేసి, పనిచేసే ఒక్క చెవి ఎటు చెబితే అటు దూకాడు. మూలనున్న స్టాండు ఫ్యానును నడుం దగ్గర పట్టుకున్నాడు. ఇద్దరూ కింద పడ్డారు. ఫ్యాను తల అతని భుజం మీద వాలింది.

"వెనక ఏమీ లేదప్పా," అన్నాడు గోవిందరాజు, ఫ్యానును లేపుతూ. ముందు ఫ్యానునే లేపాడు. "శబ్దం దీంట్లో నుంచే పోతాది. గోడకు కొట్టుకొని వెనక నుంచి వచ్చినట్లు వస్తాది. చెవిని ఏమారుస్తాది, అంతే."

"అంటే, లేని మనిషి వెనక ఉండాడని చెప్తాదా?"

"ఆఁ."

"ఇది అబద్ధసాక్షి! దీన్ని కోర్టులో నిలబెడితే ఎవడూ శిక్ష పడకుండా పోడు. బావా, వద్దు ఇది."



"మీ ఇంట్లో కుర్చీ వెనక ఏముండాది మేష్ట్రే?" అని అడిగాడు గోవిందరాజు.

"వంటింటి తలుపు."

"మూసి ఉంటాదా?"

"తెరిచే ఉంటుంది."

"అయితే చెప్పేస్తా, తరవాత నన్ను అనకూడదు. దీనికి నాలుగు పక్కలా గోడ ఉండల్ల. తలుపు తెరిచుంటే ఆ పక్కకు పోయే శబ్దం వంటింట్లోకి పోతాది. తిరిగి రాదు. స్పీకర్లు అట్ల కాదు, యాడ పెడితే ఆడి నుంచే పలుకుతాయి. వైర్లు పరచల్ల, మేకులు కొట్టల్ల, దుమ్ము తుడవల్ల. ఆ తిప్పలు పడతామంటే అవి. పడలేమంటే ఇది. నాకు రెండూ ఒకటే, రెండూ అమ్ముతా."

"నాకు సౌండ్‌బారే చాలు," అన్నాను.

అతను కాసేపు రిమోట్‌ను తుడిచాడు.

"మేడమ్ వచ్చినప్పుడు ఆ కుర్చీని వెనక్కి తిప్పించినారు మేష్ట్రే. టీవీకి వీపు పెట్టి కూర్చుని విన్నారు. ఇట్ల ఎవరూ వినరమ్మా అంటే, ముందరిది ఎవరైనా వింటారు, వెనకది సరిగ్గా ఉండాదో లేదో చూడల్ల కదా అన్నారు."

"మా అక్క," అన్నాడు ధనంజయ. ఇంకేదో అనబోయి, ఫ్యాను రెక్కను వేలితో తిప్పుతూ నిలబడ్డాడు. తర్వాత గొంతు సవరించుకుని, "గోవిందరాజూ, ఈ ఫ్యాను స్పీకరు పోయిన దినం పొద్దున యాడ ఉన్నింది?" అని అడిగాడు.

*

ఆదివారం మధ్యాహ్నం ధనంజయ తన వాకిట్లో అందరినీ సమావేశపరిచాడు. పెద్ద డిటెక్టివులు చివర్లో అనుమానితులనందరినీ ఒకచోట కూర్చోబెట్టి నిజం బయటపెడతారట. బోరయ్య వచ్చాడు. ఇంకొకటి కొట్టే అవకాశం ఉంటుందేమోనని వచ్చానని నాతో చెప్పాడు. గిరీశ్ ఆటోలోనే కూర్చున్నాడు. టీవీ బిగించే పని ముగించుకుని గోవిందరాజు సౌండ్‌బార్ పెట్టెను చంకలో పెట్టుకుని వచ్చాడు. మిగిలిన స్పీకర్ల పెట్టెను నేను గోడ అవతలి నుంచి మోసుకొచ్చి అరుగు మీద పెట్టాను. కరియమ్మ అత్త చేటలో విత్తనాలకు శెనక్కాయలు ఏరుతోంది. తలెత్తలేదు. ముసలి గొర్రె గుంజ దగ్గర నెమరేస్తోంది.

"పెద్దలారా," అని మొదలుపెట్టాడు ధనంజయ. "ఈ కేసులో నన్ను దారి తప్పించాలని ఎన్నో ప్రయత్నాలు జరిగినాయి. ఒక దశలో నా మీదనే నాకు అనుమానం వచ్చినాది. నన్ను నేనే విచారించుకున్న్యా. గట్టిగా విచారించుకున్న్యా. నేను నిర్దోషిని."

"సంతోషం," అన్నాడు గిరీశ్. "నాకు నాలుగింటికి పెండ్లి గిరాకీ ఉండాదన్నా."

"పసుపు! శెనక్కట్టె! గొర్రె పెంటిక! ఈ మూడింటినీ కలిపే మనిషి ఈడనే, ఈ వాకిట్లోనే, నా కండ్ల ముందరనే కూర్చుని ఉండాడు!"

అత్త చేతిలో శెనక్కాయ ఆగింది.

ధనంజయ వేలు చాచాడు. "గోవిందరాజు!"

"నేనా!"

"నువ్వే. అమ్మినోడే ఎత్తుకుపోయినాడు! ఒకటి పోతే సెట్టు చెల్లదు. చెల్లకపోతే మా బావ ఇంకోటి కొనల్ల. పసుపు యాడిది? నీ అంగట్లో శుక్రవారం పూజది!"

"గొర్రె పెంటిక?" అన్నాడు బోరయ్య.

"అదీ వీనిదే!"

"నా అంగట్లో గొర్రె యాడుండాదప్పా?"

"చూసినారా? దాచేసినాడు!" అంటూ ధనంజయ నాటకీయంగా వెనక్కి అడుగులు వేశాడు. ప్రతి డిటెక్టివూ ఆఖరి మాటకు ముందు వెనక్కి జరగాలని అతనికి ఎవరు చెప్పారో తెలియదు. "తప్పించుకునే దారి లేదు గోవిందరాజూ! ఈ ధనంజయ చూపు నుంచి—"

గొర్రె పలుపు అతని కాలికి చుట్టుకుంది. ఆ పలుపుకు తట్టుకుని పడటం అతనికి రోజూ ఉన్నదే. అయితే రోజూ ముందుకు పడేవాడు. ఈసారి వెనక్కి పడ్డాడు. గొర్రె బెదిరి రెండో పక్కకు లాగింది. ధనంజయ వీపు వామికి తగిలింది. శెనక్కట్టె జారి అతని మీద పడింది, నెత్తి మాత్రం బయటికి కనబడేలా. ఆఖరున వామి లోపల నుంచి నల్లటి చిన్న పెట్టె ఒకటి దొర్లి అతని ఒడిలో కూర్చుంది.

వెనక ఎడమ స్పీకరు.

జాలీ మీద పసుపు పూసి ఉంది. పైన కుంకుమ బొట్టు. నడుముకు నల్ల కంబళి నూలు కట్టి ఉంది. ముసలి గొర్రె మెడలో ఉన్నది కూడా అదే నూలు.

ధనంజయ దాన్ని చూశాడు. నోరు తెరిచాడు. "క్షుద్ర—"

"నోరు మూసుకోరా," అంది అత్త. "సరిగ్గా పట్టుకో. కింద పడేస్తావు."

అత్త చేట పక్కన పెట్టి లేచి, కొడుకు ఒడిలోంచి స్పీకరును తీసుకుంది. దాని మీది పుల్లలు ఊదింది.

"నేనే తీసినా తిప్పేశప్పా," అంది. "నువ్వు అంతా పంపించేస్తానంటివి. ఇంట్లో నుంచి మంద పోయేటప్పుడు అంతా ఒకేసారి తోలకూడదు. ఒకటి నిలుపుకోవల్ల. పసుపు పెట్టి, నూలు కట్టి నిలుపుకోవల్ల. అంతా తోలేస్తే ఆ ఇంటికి ఇంక మంద రాదు. మా మంద అమ్మిన దినం దీన్ని పట్టుకోలేదా?" అని ముసలి గొర్రె వైపు చూపించింది.

"ఇది గొర్రె కాదు కదా అత్తా."

"నాకు తెల్దా? దీనికి బొచ్చు యాడుండాది?"

బోరయ్య నవ్వు ఆపుకోలేక దగ్గాడు.

"మరి దీన్నే ఎందుకు తీశావు?" అని అడిగాను.

"వెనకాలిది కదా ఇది. మంద అమ్మేటప్పుడు కాలు ఈడ్చుకుంటా వెనకబడేదాన్నే నిలుపుకుంటారు. ముందర నడిచేవి యాడైనా బతుకుతాయి." స్పీకరును కొంగుతో తుడిచింది, పసుపు పోకుండా చుట్టూ మాత్రం. "మంజి చూపించినాది నాకు. ఇవి వెనకవి అమ్మా, తలుపుకు అటొకటి ఇటొకటి పెడతానని."

ఏడాది తర్వాత ఆ పేరు మా ఇద్దరి మధ్యా వినబడింది. నేననుకున్నంత కష్టంగా లేదు. తేలికగానూ లేదు.

"ఈ ఆచారం నీకు తెలుసు కదా?" అని ధనంజయను అడిగాను.

శెనక్కట్టెలోంచి అతని తల ఊగింది. "తెలుసు బావా. చిన్నప్పటి నుంచీ తెలుసు. కేసులో వాడుకోవల్లని ఎవరు చెప్పినారు?"

గోవిందరాజు గొంతు సవరించుకున్నాడు. "మేష్ట్రే, సెట్టు పూర్తి అయినాది. పసుపు తుడిస్తే పోతాది. మార్చుకుందామా?"

"తీసుకపో అన్నా," అంది అత్త. "నేనేం అడ్డం లేదు. ఇదొక్కటి ఉండనీ, మిగిలినవి తోలుకపో."

"ఒకటి లేకుండా నాకెందుకమ్మా అవి!"

"అంతా ఇచ్చేయకూడదప్పా."

ఇద్దరూ నా వైపు చూశారు. ఒక మాట అంటే అత్త ఇచ్చేసేది. అల్లుడి మాట కాదనే మనిషి కాదు. నడింట్లో పెట్టె ఉండదు. రేపటి నుంచి తిన్నగా నడిచి బడికి పోవచ్చు. నేను అనుకున్నదంతా ఆ ఒక్క మాటకు అవతల ఉంది. అత్త చేతులు స్పీకరు చుట్టూ, గొర్రెపిల్లను ఎత్తుకున్నట్టే ఉన్నాయి.

"సౌండ్‌బార్ మీరు వెనక్కి తీసుకుపోండి గోవిందరాజు గారూ," అన్నాను.

ధనంజయ లేచి నిలబడ్డాడు. తలలో పుల్లలు అలాగే ఉన్నాయి.

"పెద్దలారా, కేసు ముగిసినాది! మొదటి దినమే వామి మీద నా కన్ను పడినాది. సరైన గడియ కోసం కాచుకుని, సరైన కోణంలో వెనక్కి పడినా. చూసినారు కదా, పథకం!"

"ఆ ముందర నన్ను దొంగ అంటివే?" అన్నాడు గోవిందరాజు.

"నిన్ను ఏమరపాటులో పెట్టడానికి."

"దొంగ మీయమ్మ కదప్పా, నన్నెందుకు ఏమరపాటులో పెట్టల్ల?"

ధనంజయ జవాబు చెప్పేలోపు బోరయ్య అతని ఎడమ పక్కకు వచ్చి నిలబడ్డాడు. ధనంజయ రెండు చెవులూ మూసుకున్నాడు.

*

తర్వాతి ఆదివారం ధనంజయ స్క్రూడ్రైవరు, మేకులు, సుత్తి పట్టుకుని వచ్చాడు. డిటెక్టివ్‌గా కాదు, బామ్మర్దిగా. టీవీకి అటూ ఇటూ ఉండేవి బిగించాడు. కుడిదాన్ని ఎడమకూ ఎడమదాన్ని కుడికీ పెట్టి, మళ్లీ మార్చాడు. మధ్యది పెట్టాడు. ఊఫర్‌ను మూలకు తోశాడు. మొదటిసారి మోగించగానే వంటింట్లో గిన్నెలు అదిరాయి, గోడ అవతల ముసలి గొర్రె అరిచింది. "సాక్షి ఒప్పుకున్నాది," అన్నాడు.

వంటింటి తలుపుకు రెండు పక్కలా మేకులు కొట్టాడు. గోడ వెంట వైరు లాగి, రెండు కొసలనూ ఆ మేకులకు చుట్టి పెట్టాడు. స్పీకర్లు నేను తగిలిస్తానన్నాను. సరే బావా అని, ఇంకేమీ అడగకుండా, భూతద్దం కూడా తిరిగిచ్చి వెళ్లాడు.

నడింట్లో ఇప్పుడు పెట్టె లేదు. సాయంకాలం వార్తలు పెట్టుకుంటాను. ముందు నుంచి బాగా వినబడుతున్నాయి. వెనక కుడిది అలమారలో ఉంది. ఎడమది కరియమ్మ అత్త దగ్గరే ఉంది, ఎప్పుడడిగితే అప్పుడిస్తానంది. వెనకవి రెండూ ఇంకా తగిలించలేదు.